సేవా క్లబ్బుల పర్యావరణ సేవలు: ఏది అడగాలి, ఏది వద్దనాలి

రోటరీ, లయన్స్, కివానిస్ వంటి సేవా క్లబ్బులు పర్యావరణం పేరు మీద చేసే పనులకు రుసుము ఉండదు. ముందుగా ఒక ఉత్తరం వస్తుంది. మీ ఆవరణలో మొక్కలు నాటుతామనో, ఏటి ఒడ్డు శుభ్రం చేస్తామనో, పాత కంప్యూటర్లు పట్టుకెళతామనో అందులో ఉంటుంది. ఊరికే వచ్చేది కాబట్టి ఎవరూ వద్దనరు, నాణ్యత గురించీ ఎవరూ అడగరు. నిజానికి తీసుకునేవాళ్లకు ఖర్చు బాగానే పడుతుంది: నేల, నీళ్లు, రెండు మూడేళ్లపాటు ఒక మనిషి శ్రద్ధ. అందుకే డబ్బిచ్చి కొనే సేవను ఎలా బేరీజు వేస్తామో దీన్నీ అలాగే వేశాం. బడులు, కాలనీ సంఘాలు, స్థానిక సంస్థల తరఫున క్లబ్బును పిలిచేవాళ్ల కోసం ఈ సమీక్ష. ఏ ప్రాజెక్టు ఎత్తుకోవాలో తేల్చుకోలేని క్లబ్బు సభ్యులకూ పనికొస్తుంది. మార్కులు ఐదుకు. చూసేది ఒక్కటే: కార్యక్రమం జరిగిన ఏడాదికి అక్కడ ఏం మిగులుతుంది?

క్లబ్బుల అసలు బలం వాటి సభ్యత్వ జాబితా. ఇంజినీరు, డాక్టరు, ఆడిటరు, నర్సరీ నడిపేవారు, లారీలున్నవారు తరచూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. మిగతావాళ్లు నెలల తరబడి తిరిగే పని వీళ్లకు రెండు ఫోన్లతో అయిపోతుంది. బలహీనత వాటి క్యాలెండరు. రోటరీలోనూ లయన్స్‌లోనూ పదవీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అధ్యక్షులు మారతారు, కార్యదర్శి మారతారు, కొత్త జట్టుకు తనదంటూ ఒక కొత్త ప్రాజెక్టు కావాలి. నాటిన మొక్క మాత్రం ఎవరి సాయం లేకుండా నిలబడాలంటే రెండు మూడు ఎండాకాలాలు గట్టెక్కాలి. కింద చెప్పబోయే వైఫల్యాలు చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి.

ఈ క్లబ్బులు పాతవే. రోటరీ 1905లో, లయన్స్ 1917లో చికాగోలో పుట్టాయి, కివానిస్ 1915లో డెట్రాయిట్‌లో. పర్యావరణం మాత్రం వీటి ఎజెండాలోకి ఆలస్యంగా ఎక్కింది. రోటరీ దాన్ని తన ఏడో ప్రధాన సేవారంగంగా 2020లో ఆమోదించింది. 2021 జులై 1 నుంచి ఆ రంగం కింద అంతర్జాతీయ నిధులకు దరఖాస్తులు తీసుకుంటోంది. లయన్స్‌కూ పర్యావరణం ప్రకటిత సేవా లక్ష్యాల్లో ఒకటి. అంటే పైస్థాయిలో ఇష్టం ఉంది, నిధులకు దారీ ఉంది. కింద పని ఎలా జరుగుతుందన్నదే చూడాల్సింది.

మొక్కలు నాటడం: చేసే తీరును బట్టి ఒకటి నుంచి నాలుగు మార్కులు

క్లబ్బులు అన్నిటికంటే ఎక్కువగా చేసేదీ, ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. 2011-12లో లయన్స్ అంతర్జాతీయ అధ్యక్షులు వింగ్ కున్ టామ్ పది లక్షల చెట్లు లక్ష్యంగా పెడితే సభ్యులు ఆ అంకెను చాలా దూరం దాటేశారు. 2017-18లో రోటరీ అధ్యక్షులు ఇయాన్ రైజ్లీ సభ్యుడికో మొక్క చొప్పున 2018 ఏప్రిల్ 22, ధరిత్రీ దినోత్సవం లోపు నాటాలన్నారు. రెండూ మంచి పిలుపులే. చిక్కల్లా లెక్క ఎక్కడ ఆగుతుందన్నదే. నాటిన రోజున లెక్క ఆగితే అది కొన్న మొక్కల లెక్క, చెట్ల లెక్క కాదు.

మొదటి తప్పు తేదీలో జరుగుతుంది. పర్యావరణ దినోత్సవాన్ని 1973 నుంచి జూన్ 5న జరుపుతున్నారు. తేదీ ప్రపంచమంతటికీ ఒకటే, వానలు కావు. నాటాల్సింది రెండు మూడు మంచి వానలు పడి నేల జానెడు లోతున చెమ్మగా ఉన్నప్పుడు. సభ జూన్ 5న పెట్టుకోవచ్చు, ఆ రోజు గుంతలు తవ్వితే ఇంకా మంచిది. పది పదిహేను రోజులు ఎండకు, గాలికి తెరిచి ఉన్న గుంతలో మొక్క బాగా కుదురుకుంటుంది.

రెండో తప్పు మొక్క ఎంపికలో. ఫొటోలో కనబడాలని మనిషంత ఎత్తున్న మొక్కలు తెస్తారు. చిన్న సంచిలో అంత ఎత్తు పెరిగిందంటే వేళ్లు సంచి అడుగున గుండ్రంగా చుట్టుకున్నాయని అర్థం. నేలలో పెట్టాక కూడా అవి ఆ చుట్టులోనే తిరుగుతూ లావవుతాయి. కొన్నేళ్లకు కాండాన్నే బిగిస్తాయి, లేదా గాలివానకు చెట్టు వేళ్లతో సహా పడిపోతుంది. 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, పెన్సిలంత కాండం, పైన పచ్చటి చిగురు ఉన్న మొక్క చాలు. సరుకు దిగగానే లాటులోంచి ఐదారు సంచులు చింపి చూడండి. అడుగున వేళ్లు ఒకటి రెండు చుట్లు తిరిగి ఉంటే బ్లేడుతో అడుగు ఒకటి రెండు సెంటీమీటర్లు కోసి, మట్టిముద్ద పక్కల నిలువుగా మూడు నాలుగు గాట్లు పెడితే సరిపోతుంది. వేళ్లు తాడులా పేనుకుపోయి ఉంటే మాత్రం లాటు మొత్తం వెనక్కి పంపాలి. క్లబ్బు మొహమాటపడుతుంది, మీరు పడకండి.

గుంత మంచి నేలలో 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. గట్టి నేలలో 60. బంకమట్టిలో పార దెబ్బకు గోడలు నున్నగా తయారవుతాయి. అలాగే వదిలేస్తే గుంత తొట్టిలా నీళ్లు పట్టి ఉంచి వేళ్లను కుళ్లబెడుతుంది. గునపంతో గోడలు గీరాలి. తవ్విన మట్టిలో నాలుగో వంతు బాగా మాగిన ఎరువు కలపాలి. పచ్చి ఎరువు వేస్తే ఆ వేడికి లేతవేళ్లు మాడతాయి. కాండం వేళ్లుగా మారే చోటు నేలమట్టానికి సరిగ్గా ఉండాలి. లోతుగా పెడితే మొదలు కుళ్లుతుంది, పైకి పెడితే వేళ్లు ఎండుతాయి. పాలిథిన్ సంచి పూర్తిగా తీసేయాలి. ఇది చెప్పాల్సిన మాటేనా అనిపిస్తుంది కానీ, అడుగు మాత్రం చింపి సంచితోనే పాతేయడం హడావిడి కార్యక్రమాల్లో మామూలే. 500 మొక్కలు నాటితే సాయంత్రానికి 500 సంచులు లెక్క తేలాలి. పర్యావరణ కార్యక్రమం అయ్యాక ఆవరణంతా ఎగిరే నల్ల సంచుల కంటే ఇబ్బందికరమైన దృశ్యం ఉండదు.

చుట్టూ 60 నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పున పాదు చేసి, ఎండుగడ్డో ఎండుటాకులో ఐదు నుంచి పది సెంటీమీటర్ల మందాన పరచాలి. కాండానికి నాలుగు వేళ్ల ఎడం వదలాలి, ఆనిస్తే బెరడు మెత్తబడి బూజు పడుతుంది. ఊతకర్రకు కట్టే తాడు ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా ఉండాలి. కాండం కొంచెం ఊగితేనే గట్టిపడుతుంది. ట్రీగార్డు మీద దాత పేరు ఎంత పెద్దగా రాసినా అభ్యంతరం లేదు. దాన్ని ఎప్పుడు, ఎవరు విప్పుతారో మాత్రం ఆ రోజే రాసుకోవాలి. విప్పని గార్డు, విప్పని తీగ కొన్నేళ్లకు బెరడులోకి దిగి చెట్టును చంపుతాయి.

ఇక నీళ్లు. ఇక్కడే లెక్క తేలాలి. వాన లేని వారాల్లో మొదటి ఏడాది మొక్కకు విడతకు 10 లీటర్ల చొప్పున వారానికి రెండు విడతలు కావాలి. 200 మొక్కలంటే విడతకు 2000 లీటర్లు, వారానికి 4000. వారానికో ట్యాంకరు అన్నమాట. ఆ ట్యాంకరు ఎవరిది, డ్రైవరు ఎవరు, సెలవుల్లో గేటు ఎవరు తీస్తారు? ఈ మూడు పేర్లు చెప్పలేని క్లబ్బుకు ఒకటే మార్కు, మొక్కలు ఎంత మంచివైనా సరే. నీళ్లకు మనిషిని పెట్టి, నర్సరీలో పదిహేను శాతం మొక్కలు అదనంగా ఉంచుకుని, చనిపోయినచోట తిరిగి నాటి, మూడు నెలలకు, 12 నెలలకు, 36 నెలలకు బతికినవి లెక్కపెట్టి చెప్పే క్లబ్బుకు నాలుగు ఇవ్వచ్చు.

ఇంకోటి కూడా చూసుకోవాలి. ఖాళీగా కనబడిన ప్రతిచోటా చెట్టు పెట్టకూడదు. సహజమైన గడ్డిమైదానాల్లో, చిత్తడి నేలల్లో చెట్లు నాటితే అక్కడ బతికే పక్షులకూ పురుగులకూ గూడు పోతుంది. కరెంటు తీగల కింద నాటితే మూడేళ్లకు నరికేస్తారు. పునాదులకు, మురుగు పైపులకు కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలి, పెద్ద చెట్లకైతే ఇంకా ఎక్కువ.

చిట్టడవి

జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ పేరుతో క్లబ్బులు ఈ మధ్య ఎక్కువగా చేపడుతున్న ప్రాజెక్టు ఇది. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు, అన్నీ ఆ ప్రాంతపు జాతులే, పొదలు, చిన్నచెట్లు, పెద్దచెట్లు కలగలిపి నాటాలి. 100 చదరపు మీటర్లకు 300 నుంచి 400 మొక్కలు పడతాయి. పద్ధతిలో అసలు కష్టం నాటడానికి ముందే ఉంది. నేలను లోతుగా గుల్లచేయాలి, మాగిన ఎరువు, ఊక లాంటివి కలపాలి, తర్వాత మందంగా గడ్డి పరచాలి. రెండు మూడేళ్లు కలుపు తీసి నీళ్లు పెడితే తర్వాత దాని బతుకు అదే చూసుకుంటుంది.

చెడేది ఎక్కడంటే, మట్టి పని మానేసి పది రకాల అలంకరణ మొక్కలు దగ్గరదగ్గరగా గుచ్చి అదే పేరు తగిలించినప్పుడు. జాతుల జాబితా ముందే అడగండి. అందులో స్థానిక జాతులు పాతిక కూడా లేకపోతే అది పూలతోట, అడవి కాదు. సవ్యంగా చేస్తే నాలుగు మార్కులు. చిన్న స్థలం కావడం, నీళ్లు ఒకేచోట పెట్టడం వల్ల విడివిడిగా నాటిన 300 మొక్కల కంటే దీన్ని కాపాడటం తేలిక.

శుభ్రతా కార్యక్రమాలు: మూడు మార్కులు, తూకం వేస్తే నాలుగు

ఒడ్డున చెత్త ఏరడం ఒక్కటే అయితే రెండు వారాల్లో మళ్లీ అంతే చెత్త పేరుకుంటుంది. దీనికి విలువ తెచ్చేది కాగితం. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఓహారా మొదలుపెట్టిన తీరప్రాంత శుభ్రతలో వలంటీర్లు ఏరిన ప్రతి వస్తువునూ కార్డు మీద రాశారు. అదే తర్వాత సముద్రాల సంరక్షణకు పనిచేసే ఓషన్ కన్జర్వెన్సీ సంస్థ నడిపే అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమంగా పెరిగింది. ఏ వస్తువు ఎక్కడ ఎన్ని అన్న లెక్క చేతిలో ఉంటే, ఈ మలుపులో చెత్తడబ్బా కావాలనో, ఆ కాలువకు జల్లెడ కావాలనో అధికారుల ముందు గట్టిగా మాట్లాడవచ్చు.

ఐదుగురికి ఒక జట్టు, అందులో ఒకరు రాసేవారు. రాసేవారు ఏరకూడదు, ఏరితే రాయడం మానేస్తారు. సంచులు మూడు రకాలు: అమ్ముడయ్యేవి, పనికిరానివి, ప్రమాదకరమైనవి. వేలాడే తూకం ఒకటి చాలు. సూదులు కనబడితే చేత్తో ముట్టకుండా పట్టకారుతో తీసి, గుచ్చుకోని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాలి. సూదికి తిరిగి మూత పెట్టే ప్రయత్నం చేయకూడదు. మూతపెట్టిన డ్రమ్ములు, జంతువుల కళేబరాలు వలంటీర్ల పని కాదు, గుర్తుపెట్టి స్థానిక సంస్థకు చెప్పాలి. పిల్లల్ని ఒడ్డు మీదికి పంపే ముందు పెద్దలు ఒకసారి నడిచి చూడాలి. పక్షులు గుడ్లు పెట్టే నెలల్లో ఇసుక తిన్నెల జోలికి వెళ్లొద్దు. కొట్టుకొచ్చిన కొమ్మలు, నాచు చెత్త కావు, వదిలేయాలి.

ఎక్కువగా బెడిసికొట్టేది రవాణా. పొద్దున పదికల్లా 80 సంచులు రోడ్డు పక్కన నిలబడతాయి, బండి రాదు. మధ్యాహ్నానికి కుక్కలు చింపుతాయి, లేదా ఎవరో అంటిస్తారు. బండి ఖాయమై, అది ఎక్కడ దింపుతుందో తెలిశాకే తేదీ ప్రకటించాలి. 2008 మే 3న ఎస్తోనియాలో 50 వేల మంది ఒక్కరోజులో దాదాపు పది వేల టన్నుల చెత్త ఎత్తగలిగారంటే దాని వెనక నెలల తరబడి చేసిన ముందస్తు పని ఉంది. దొంగచాటుగా పారబోసిన చోట్లను మ్యాపు మీద గుర్తించి, ఏ చోటికి ఎంతమంది, ఏ బండి అన్నది ముందే తేల్చుకున్నారు. ఏరడం చివరి అంకం మాత్రమే.

వానలకు ముందు కాలువల్లో చేసే శుభ్రతకు మా ఓటు. వాన పడితే ఆ చెత్తంతా ఏటిలోకి, అక్కడినుంచి సముద్రంలోకి పోతుంది. కాలువలో ఏరిన సంచి ఒడ్డున ఏరిన సంచి కంటే విలువైనది, బురద వల్ల ఫొటో మాత్రం బాగా రాదు.

ఈ-వేస్ట్ సేకరణ: క్లబ్బును బట్టి సున్నా లేదా ఐదు

మధ్యే మార్గం లేని సేవ ఇది. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుట్టించింది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. ఇళ్లలో అటకల మీద పడున్న సరుకును బయటికి తేవడంలో క్లబ్బుల పేరుకున్న నమ్మకం బాగా పనిచేస్తుంది. బయటికి వచ్చాక ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

అధీకృత రీసైక్లరుతో రాతపూర్వక ఒప్పందం సేకరణకు ముందే జరగాలి. రకాలవారీగా తూకం రసీదు, తర్వాత ధ్వంసం చేసినట్టు ధ్రువపత్రం ఇస్తామని అందులో ఉండాలి. పాత సామాను వ్యాపారి రీసైక్లరు కంటే ఎక్కువ ధర ఇస్తానంటే సంతోషించకండి. లాభం వచ్చే రాగి, బంగారం తీసుకుని, ఖర్చుపెట్టి శుద్ధిచేయాల్సిన సీసం, పాదరసం, ప్లాస్టిక్‌ను ఎక్కడో పారేస్తేనో, తీగలు తగలబెడితేనో తప్ప ఆ ధర గిట్టదు. సేకరణ మీద క్లబ్బుకు మంచి ఆదాయం వచ్చిందని వింటే ముందు రసీదులు చూపించమనండి.

బల్లలు వేసే రోజున వేరుచేయడం ఇలా ఉండాలి. లిథియం బ్యాటరీలు అన్నిటికంటే ముందు. టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేపు వేసి, ఒకదాన్నొకటి తాకకుండా పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు. ఆరుబయట పొడి ఇసుకపోసిన ఇనుప బకెట్లో విడిగా ఉంచాలి. అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోసి పైన ప్రింటరు పెట్టారంటే లారీలో మంటలు లేచే అవకాశం ఉన్నట్టే. పాత డబ్బా టీవీల గాజులో సీసం ఉంటుంది, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది, విరక్కుండా అట్టపెట్టెలో నిలువుగా పెట్టాలి. విరిగితే కిటికీలు తెరిచి జనాన్ని కాసేపు బయటికి పంపాలి, వ్యాక్యూమ్ క్లీనరు వాడకూడదు, చీపురూ వద్దు. గట్టి అట్టముక్కతో ఎత్తి, సన్నటి పొడిని టేపుతో అద్ది, మూత ఉన్న గాజుసీసాలో వేయాలి. ఫ్రిజ్‌లు ఇచ్చేవాళ్లుంటే వాటిని నిలబెట్టే తీసుకెళ్లాలి, వెనక పైపులు తెగితే లోపలి వాయువు గాలిలో కలుస్తుంది.

డేటా సంగతి చాలామంది మరిచిపోతారు. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన పోవు. తిరిగే హార్డ్‌డిస్కును మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఓవర్‌రైట్ చేస్తే, అంటే పాత డేటా మీద వేరే డేటా రాసేస్తే, సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీకి, అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్కుకు, ఆ పద్ధతి నమ్మదగింది కాదు, డేటా పూర్తిగా తుడిచేందుకు తయారీ సంస్థ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి, అది కుదరకపోతే ముక్కలు చేయించాలి. బల్ల దగ్గరే ఒకరు స్క్రూడ్రైవరుతో డిస్కు విప్పి యజమాని చేతికిచ్చే ఏర్పాటు ఉంటే జనం ధైర్యంగా కంప్యూటర్లు తెస్తారు.

రీసైక్లింగు కంటే ముందు మళ్లీ వాడకం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు చాలా బయటికి వస్తున్నాయి. వాటిలో మెమరీ 8 జీబీకి పెంచి, చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే గ్రంథాలయానికి, బడికి ఇంకో ఐదేళ్లు నిక్షేపంగా పనికొస్తాయి. క్లబ్బులో కంప్యూటర్లు తెలిసినవాళ్లు ఇద్దరుంటే చాలు. ఈ పని చేసే క్లబ్బుకు ఐదుకు ఐదు. రసీదు చూపలేని క్లబ్బుకు సున్నా, ఎందుకంటే ఆ సరుకు అటక మీదే ఉండివుంటే ఎవరికీ హాని జరిగేది కాదు.

కంపోస్టు తొట్లు

బడికో హాస్టలుకో తొట్టి ఇచ్చి, రిబ్బను కత్తిరించి వెళ్లిపోతారు. మొదటి రెండు వారాలు బాగానే ఉంటుంది, తర్వాత కంపు మొదలవుతుంది, తొట్టి మూలన పడుతుంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: ఎండుటాకులు అయిపోయాయి. ఒక బకెట్ తడిచెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు కావాలి. కర్బనం, నత్రజని నిష్పత్తి 25 నుంచి 30కి ఒకటిగా ఉండాలన్న సూత్రానికి చేతికందే కొలత ఇదే. తడిచెత్త రోజూ వస్తుంది, ఆకులు ఒక్క కాలంలోనే రాలతాయి. కాబట్టి క్లబ్బు ఇవ్వాల్సింది తొట్టితో పాటు, తొట్టికి రెండింతల పరిమాణంలో, వాన తగలకుండా ఆకులు నిల్వచేసే జాలీ గూడు. ఆకులు లేకపోతే రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు.

కుప్ప కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే లోపల వేడి పుడుతుంది. 55 డిగ్రీల సెల్సియస్ పైన మూడు రోజులన్నా ఉంటే రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఆకులు వేయాలి, చుక్క కూడా రాకపోతే నీళ్లు చల్లాలి. ముక్కుకు ఘాటుగా కొడితే నత్రజని ఎక్కువైంది, ఆకులు కలపాలి. కుళ్లిన గుడ్ల వాసనొస్తే గాలి ఆడటం లేదు, తిరగేయాలి. ఇలా వాసనను బట్టి ఏం చేయాలో అట్ట మీద రాసి తొట్టికి తగిలించే క్లబ్బు పదిమందికి ఉపన్యాసమిచ్చే క్లబ్బు కంటే ఎక్కువ మేలు చేస్తుంది. గూడు ఇస్తే నాలుగు మార్కులు, ఇవ్వకపోతే ఒకటి.

వాననీటి ఏర్పాట్లు

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు పడితే 1000 లీటర్లు, చిమ్మిపోయేది తీసేస్తే 800 దాకా పట్టుకోవచ్చు. కప్పు మీది దుమ్ము, పక్షి రెట్టలు కొట్టుకొచ్చే తొలి వాననీళ్లను, చదరపు మీటరుకు కనీసం ఒక లీటరు లెక్కన, పక్కకు మళ్లించే గొట్టం తప్పనిసరి. ఇంకుడు గుంత అయితే పార్కింగు నీళ్లు అందులోకి రాకూడదు, వాటితోపాటు ఇంజిన్ ఆయిల్ భూగర్భంలోకి దిగుతుంది. నిర్మాణం క్లబ్బులు సాధారణంగా బాగానే చేయిస్తాయి, ఇంజినీర్లకు కొదవ లేదు కదా. పాడయ్యేది ఫిల్టరు. ప్రతి వానాకాలం ముందు పై పొర ఇసుక తీసి కడగాలి, లేకపోతే ఒండ్రు పేరుకుని రెండేళ్లకు నీళ్లు దిగడం మానేస్తాయి. మూడున్నర మార్కులు.

మరమ్మతు శిబిరం: ఐదు మార్కులు

క్లబ్బులకు ఇంతకంటే నప్పే పని లేదు, చేసేవి మాత్రం తక్కువే. 2009 అక్టోబరు 18న ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా మొదలుపెట్టిన రిపేర్ కేఫే పద్ధతి ఇది. నెలకోసారి ఒక హాలు, నాలుగు బల్లలు. పాడైన మిక్సీ, ఫ్యాను, సైకిలు, చిరిగిన సంచి పట్టుకొస్తే చేతనైనవారు పక్కన కూర్చోబెట్టుకుని బాగుచేయడం నేర్పుతారు. యజమాని వస్తువు వదిలి వెళ్లకూడదు, అది మొదటి నియమం. హాలు క్లబ్బుకు ఉంది, రిటైరైన ఇంజినీర్లూ ఉన్నారు. మల్టీమీటరు, స్క్రూ బిట్ల సెట్టు, సోల్డరింగ్ ఐరన్, కుట్టుమిషను, లీకేజీ కరెంటుకు ట్రిప్పయ్యే రక్షణ ఉన్న కరెంటు బోర్డు ఉంటే మొదలుపెట్టవచ్చు. మైక్రోవేవ్ ఓవెన్లు మాత్రం తెరవకూడదని బోర్డు పెట్టాలి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లో ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉండొచ్చు. వస్తువు పేరు, లోపం, బరువు, బాగైందా లేదా అన్న నాలుగు గళ్ల పుస్తకం ఒకటి. అధ్యక్షులు మారినా ఇది ఆగదు, ఎందుకంటే మూడో నెలకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఇది అలవాటైపోతుంది.

ర్యాలీలు, ప్రతిజ్ఞలు, గుడ్డసంచుల పంపిణీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సంచి విషయంలో ఒక్క మాట: ఇంటింటా ఇప్పటికే పది ఉన్నాయి. పత్తి సంచి తయారీకి చాలా నీళ్లు, శక్తి పడతాయి, వందసార్లు వాడితేనే దానికి అర్థం. సగం మార్కు.

క్లబ్బు సొంత సభల తీరు చూసి కూడా కొంత అంచనా వేయవచ్చు. పర్యావరణ కార్యక్రమానికి కొత్త వినైల్ బ్యానరు, బల్ల మీద చిన్న నీళ్లసీసాలు, ప్లాస్టిక్ కవరు చుట్టిన జ్ఞాపికలు ఉంటే ఆ క్లబ్బుకు మొక్కల సంచులు ఏరే ఓపిక ఉండదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. తేదీ లేకుండా గుడ్డమీద రాయించిన బ్యానరు, క్యానులో నీళ్లు, స్టీలు గ్లాసులు కనబడితే మిగతా పనిమీదా నమ్మకం కలుగుతుంది.

పిలిచే ముందు

ఒప్పుకుంటూ రాసే జవాబులోనే షరతులు పెట్టేయడం మంచిది, సభ అయ్యాక ఎవరూ దొరకరు. క్లబ్బు తరఫున మూడేళ్లు ఉండే బాధ్యుడి పేరు అడగాలి. అధ్యక్షుడి పేరు సరిపోదు. ఇప్పటి అధ్యక్షుడితో పాటు వచ్చే ఏడాదికి ఎన్నికైనవారి సంతకం కూడా తీసుకోవాలి. రోటరీలో, లయన్స్‌లో వచ్చే ఏడాది అధ్యక్షుణ్ని ముందే ఎన్నుకుంటారు కాబట్టి ఇది కుదురుతుంది. మొత్తం బడ్జెట్టులో కనీసం సగం మొదటి రోజు తర్వాతి పనులకు, అంటే నీళ్లు, కాపలా, మరమ్మతులకు ఉంచమనాలి. మామూలుగా తొంభై పాళ్లు మొదటి రోజే అయిపోతుంది.

పెద్ద పనులకు రోటరీ అంతర్జాతీయ గ్రాంటు దారి ఉంది. కనీస బడ్జెట్టు 30 వేల డాలర్లు, పని జరిగే దేశపు క్లబ్బు ఒకటి, మరో దేశపు భాగస్వామి ఒకటి ఉండాలి. ముందుగా స్థానిక అవసరాల మీద సర్వే చేయాలి, ఫలితాన్ని ఎలా కొలుస్తారో, నిధులు అయిపోయాక ఎవరు నడుపుతారో రాయాలి. కాగితాల పని విసుగే, కానీ ఆ ప్రశ్నలు సరైనవి. చిన్న పనికి ఆ గ్రాంటు అక్కర్లేదు, ఆ ప్రశ్నలు మాత్రం అక్కడా అడగొచ్చు.

బడి అయితే రోటరీవారి ఇంటరాక్ట్, లయన్స్‌వారి లియో వంటి విద్యార్థి క్లబ్బులకు పని అప్పగించడం బాగుంటుంది. ఇంటరాక్ట్‌లో 12 నుంచి 18 ఏళ్లవాళ్లు ఉంటారు, లెక్కలు శ్రద్ధగా రాస్తారు. వాళ్లతో వచ్చే ఒకే ఒక్క ఇబ్బంది దీర్ఘ సెలవులు. ఆ వారాల్లో నీళ్లకు, కంపోస్టు తిరగేయడానికి పెద్దల క్లబ్బు నుంచి వరుస వేసి, ప్రతి వారానికి ఎదురుగా ఒక పేరు, ఒక ఫోను నంబరు రాయించుకోవాలి. పేర్లు రాయడానికి క్లబ్బు వెనకాడితే ప్రాజెక్టు వద్దనక్కర్లేదు, సంఖ్య తగ్గించమనండి. 200 బదులు 20 మొక్కలకు విడతకు 200 లీటర్లు చాలు. తోటమాలి గొట్టంతో అరగంటలో పెట్టేస్తాడు.